అక్క ధోరణి

మార్చి 4, సోమవారం

భావితరాల సౌకర్యార్థం ముందుగా ఒక సంగతి నమోదు చేస్తున్నాను. నా జీవితం గొప్పదని ఈ డైరీ కొనలేదు. ఆఫీసులో రోజంతా ఒకటిన్నర వరుస మించని వాక్యాలు రాసి రాసి, పొడుగాటి వాక్యం రాయడం ఇంకా చేతనవునో కాదో తేల్చుకుందామని కొన్నాను. ఇప్పుడు రాసింది చూస్తే కొంచెం ధైర్యం వచ్చింది.

నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ మావాళ్ళెవరికీ అర్థం కాలేదు కనుక కనీసం నాకైనా అర్థమయ్యేలా ఒకసారి రాసుకుంటాను. చిన్న చిన్న వీడియోలు చూపించే యాప్ మాది. కొన్నాళ్ళుగా దాన్ని తెరవని మనుషులను మేము "నిద్రలో ఉన్నవాళ్ళు" అంటాం. పాపం వాళ్ళు నిద్రపోరు. వంట చేసుకుంటారు, పిల్లల్ని బడికి పంపుకుంటారు, ఉద్యోగాలు వెలగబెట్టుకుంటారు. మా భాషలో మాత్రం అదంతా నిద్రే. వాళ్ళ ఫోన్ టింగుమనేలా ఒక వాక్యం పంపి, వాళ్ళచేత దాన్ని నొక్కించి, మళ్ళీ వీడియోల్లోకి దించడం నా పవిత్ర కర్తవ్యం. కాలేజీలో హాస్య నాటికలు రాసి కప్పులు కొట్టినవాణ్ణి కదా అని నాకీ పని ఇచ్చారు.

ఈరోజు నా కృతి: "మీరు రాక మా వీడియోలు అన్నం ముట్టడం లేదు." ఘోరంగా పడిపోయింది.

మా పై అధికారిని అందరం గ్రాఫ్ గారు అంటాం. ఎంతమంది నొక్కారో చూపే గీత ఉన్న లాప్‌టాప్‌ని ఎప్పుడూ తెరిచి, పళ్ళెంలా రెండు చేతుల్లో పట్టుకుని తిరుగుతాడు. నా బల్ల దగ్గరకొచ్చి పళ్ళెం నా వైపు తిప్పాడు.

"చదివారు తమ్ముడూ. నవ్వుకున్నారు కూడా. నవ్వుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నవ్వినవాడు నొక్కడు."

"మరెవరు నొక్కుతారు సార్?"

"గుండె ఒక్క క్షణం ఆగినవాడు."

హాస్యరచయితగా నా భవిష్యత్తుకు నివాళులర్పిస్తూ నేటికి ముగిస్తున్నాను.

మార్చి 7, గురువారం

మీటింగు. గోడ మీద మనిషి దినచర్య పటం. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి మళ్ళీ మూసేదాకా వాడు ఫోన్ ఎక్కడెక్కడ తీస్తాడో ఎర్ర రంగులో. గ్రాఫ్ గారు వాటిని "సందులు" అంటాడు. లిఫ్టు సందు. టీ మరిగే సందు. బస్సు రాని సందు. బాత్రూం సందు, అన్నిటికంటే విశాలమైనది. "అన్నిటికంటే తియ్యనిది ఏదో చెప్పండి" అని అడిగి, ఎవరం చెప్పకపోయేసరికి ఆయనే చెప్పాడు: ఎదుటిమనిషి మాట్లాడుతుండగా మనం వినడం మానేసే సందు.

మనిషి చేతిలో ఉన్న కాలమంతా మాదే కావాలని మేము అనడం లేదు. సందులు చాలు. సందులన్నీ కలిపితే ఊరవుతుంది.

ఈ చివరి మాట మీటింగులో అన్నాను. చప్పట్లు కొట్టారు. నొక్కలేదు.

మార్చి 12, మంగళవారం

చరిత్రాత్మక దినం.

భోజనాల దగ్గర నా ఫోన్ బల్ల మీద వెల్లకిలా ఉంది. టింగుమంది. అక్క. "ఏరా పలకవేం". అంతే.

ఎదురుగా కూర్చున్న గ్రాఫ్ గారు ముద్ద ఆపి చూశాడు. "ఎవరిది?"

"మా అక్కది సార్. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. నిన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు, అందుకు."

"నాకేమీ కాని ఆవిడ. నాకు నొక్కాలనిపించింది తమ్ముడూ."

ఇద్దరం అన్నం సగంలో వదిలేసి లేచాం. "ఏరా" తీసేశాం, ఆడవాళ్ళకూ పెద్దవాళ్ళకూ కూడా వెళ్ళాలి కనుక. "ఏంటి పలకవేం". మా దగ్గర వాక్యాలు సరిచూసే అమ్మాయి ఉంది. కామాలు పెట్టే అలవాటు వల్ల పేరే కామా అయిపోయింది. ఆవిడ "ఏంటి, పలకవేం?" అని అలంకరించి పంపింది. నొక్కినవాళ్ళు అంతంతమాత్రం. కామా, ప్రశ్నార్థకం తీసేసి ఇంకో గుంపుకి పంపాం. గీత నిట్టనిలువుగా లేచింది.

"మా ఇంట్లో వాళ్ళూ చుక్క పెట్టరు, కామా పెట్టరు" అన్నాడు గ్రాఫ్ గారు, దేవుడు కనిపించినవాడిలా. "చుక్క పెడితే ఆఫీసు. పెట్టకపోతే ఇల్లు."

"అయితే నన్నెందుకు పెట్టుకున్నట్టు?" అంది కామా.

సాయంత్రం అక్కకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. మర్చిపోయాను.

మార్చి 15, శుక్రవారం

అక్క పాత మెసేజీలన్నీ పైదాకా వెళ్ళి చదివాను. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పటివి కూడా ఉన్నాయి. ఇదొక గని.

"తిన్నావా"

"చేరాక ఒక మాట చెప్పు"

"ఏం లేదు నువ్వు గుర్తొచ్చావ్"

ఒక్కొక్కటీ సానబెట్టిన ముక్క. అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను పెంచింది కదా, ప్రతి మాటలోనూ చెయ్యి నుదుటి మీద పెట్టి జ్వరం చూస్తున్నట్టుంటుంది. మూడూ ఆఫీసుకి సమర్పించాను. మూడూ నెగ్గాయి.

సాహిత్యానికి ముడిసరుకు జీవితమే కదా. ఇందులో తప్పేముంది? ఎవరడిగారని ఈ ప్రశ్న రాశానో తెలియదు.

మార్చి 19, మంగళవారం

అక్కతో చాలాసేపు మాట్లాడాను.

"మీ కంపెనీ పుణ్యమా అని మా షాపు నడుస్తోందిరా. వచ్చినవాళ్ళందరికీ ఒకటే జబ్బు. తలనొప్పి, కళ్ళమంట. రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తారండీ అంటే ఒక గంట అంటారు, మొహం అటు తిప్పుకుని."

"నీకు కమీషన్ ఇప్పిస్తాలే అక్కా."

"నువ్వు తిండి సరిగ్గా తిను, అదే కమీషన్. మీ బావ ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది. సిగ్నల్ లేదు. ఇల్లంతా నేనొక్కదాన్నే. నిన్న గోడతో మాట్లాడబోయి ఆగాను."

మంచి వాక్యం. కానీ పొడుగు. ఫోన్లో మాట్లాడితే అక్క అన్నీ పొడుగు వాక్యాలే వాడుతుంది. పైగా మాట్లాడాక తృప్తిపడి ఇక మెసేజీ పెట్టదు. ఈ విషయం గమనించాలి.

మార్చి 26, మంగళవారం

గని అడుగంటింది. గ్రాఫ్ గారు రోజూ అడుగుతున్నాడు: "అక్కగారు ఏమంటున్నారు?"

ఏమీ అనడం లేదు. నేను పలికితే అక్క "సరే" అంటుంది, "ఊ" అంటుంది, ఒక బొటనవేలి బొమ్మ పెడుతుంది. వీటితో ఎవడి గుండె ఆగుతుంది? నేను పలక్కపోతేనే ఆవిడలోని కవయిత్రి మేలుకుంటుంది.

కాబట్టి పలక్కుండా ఉండటం అనే శాస్త్రీయ ప్రయోగానికి ఈరోజు శ్రీకారం చుడుతున్నాను. శాస్త్రం కోసమే.

మార్చి 28, గురువారం

"ఏమైందిరా నేనేమైనా అన్నానా"

అద్భుతం.

ఏప్రిల్ 1, సోమవారం

పై వాక్యంలో "రా" తీసేసి పంపాం. ఇంతవరకూ మా విభాగం చూడనంత జనం వచ్చారు. "నేనేమైనా అన్నానా". ఎవరికైనా ఎవరో ఒకరు అనాల్సిన మాట కదా ఇది. తెలియని ఊళ్ళో తెలియని మనిషి ఎర్ర దీపం దగ్గర బండి ఆపుకుని, గాభరాగా జేబు తడుముకుని, నొక్కి ఉంటాడు. మా యాప్ లోపల ఒక పిల్లి సోఫా మీంచి పడుతూ ఉంటుంది.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ప్రయోగం మధ్యలో ఉంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

"కోపమైతే తిట్టు పలక్కుండా ఉండకు"

కామా ఈ వాక్యం చదివి నా బల్ల దగ్గరకొచ్చింది. "ఈవిడ నిజంగా ఉందా, నువ్వు కల్పిస్తున్నావా?"

"ఉంది."

"పలికావా?"

"పలుకుతాలే."

"ఎప్పుడు?"

"ఈ విడత అయిపోయాక."

"మహానుభావా, బాగున్నాను అని ఒక్క ముక్క పడేస్తే నీ గీత విరిగిపోతుందా?"

"విరుగుతుంది" అన్నాను. నిజమే చెప్పాను. కామాకి సాహిత్యదృష్టి లేదు. చిన్న చిన్న విరామాలు తప్ప పెద్దవి అర్థం కావు.

ఏప్రిల్ 9, మంగళవారం

నన్ను రాయిలాంటివాడని ఎవరూ అనకుండా అక్కకి రాశాను: "బాగున్నా, బిజీ".

వెంటనే "హమ్మయ్య" అంది. దాన్ని కూడా పంపి చూశాం. ఎవరూ నొక్కలేదు. నెమ్మదించిన మనిషి మాటకి బజారులో విలువ లేదు.

మళ్ళీ మౌనవ్రతం.

ఏప్రిల్ 15, సోమవారం

"గురువారం ఖాళీయేనా"

మళ్ళీ కాసేపటికి, కింద: "ఏం లేదులే ఊరికే అడిగా"

లేచి నిలబడ్డాను. రాసే వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇంతటి కట్టుదిట్టమైన రచన ఈ మధ్య చదవలేదు. ముందు తలుపు తట్టడం. తర్వాత తట్టలేదన్నట్టు వెనక్కి తగ్గడం. ఆ రెండిటి మధ్య ఖాళీలో చదివేవాడి ప్రాణం కొట్టుకుంటుంది. ఏమీ లేకపోతే ఎందుకడుగుతారు? అందులోనూ "ఊరికే"!

గ్రాఫ్ గారికి చూపించాను. ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండగా చూడటం నాకిదే మొదలు.

"గురువారం తీసెయ్" అన్నాడు. "ఖాళీగా ఉన్నావా, ఏం లేదులే ఊరికే అడిగా. గురువారం నాడే పంపుదాం. అందరికీ. ఒక్కసారే."

ఏప్రిల్ 16, మంగళవారం

అక్క ఫోన్. ఎత్తలేదు. ఈ వారం మౌనవ్రతం తెగితే మొత్తం తెగుతుంది. శుక్రవారం ఎత్తుతాను.

ఏప్రిల్ 18, గురువారం

పొద్దున్నే వెళ్ళింది. నిద్రలో ఉన్నవాళ్ళలో సగానికి సగం మంది లేచి కూర్చున్నారు. ఆఫీసంతా నిలబడి చప్పట్లు కొట్టింది. గ్రాఫ్ గారు నన్ను కౌగిలించుకుని, వచ్చే నెల నుంచి విభాగానికి ఉపనాయకుడిగా ప్రకటించాడు. కిటికీ పక్క కుర్చీ. ఉపన్యాసం ఇమ్మన్నారు.

"ఈ విజయం మా అక్కది" అన్నాను. అందరూ నవ్వారు.

ఏప్రిల్ 19, శుక్రవారం

ఫోన్ ఆవిడే చేస్తుంది కదా అని చూశాను. చెయ్యలేదు.

ఏప్రిల్ 20, శనివారం

బావ ఫోన్ చేశాడు. ఓడ ఏదో రేవుకి చేరి ఉంటుంది. ఇంజిన్ గదిలో పనిచేసే మనిషి గొంతు అప్పుడు గానీ మాకు దొరకదు.

"ఏరా అబ్బాయ్, ఎలా ఉంది?"

"బాగుంది బావా. మీరెలా ఉన్నారు?"

"నా సంగతెందుకురా. మీ అక్క. మాట వచ్చిందా?"

ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కానప్పుడు జోకెయ్యడం నా జన్మహక్కు. "మా అక్కకి మాటలకేం కరువు బావా" అన్నాను.

ఇంజిన్ల హోరు మీద బావ గొంతు పెంచాడు.

"ఏంట్రా ఆ వెకిలితనం? గొంతులో గడ్డ తీసేటప్పుడు మాట నరానికి తగలొచ్చని డాక్టర్ చెప్పాడు కదా. నీకు చెప్పలేదా? గురువారం నువ్వు పక్కనే ఉన్నావుగా."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"తమ్ముడు సెలవు పెట్టాడు, వాడుంటాడు, మీరు గాభరా పడకండి అని బుధవారం ఓడ మెయిల్‌కి రాసింది. నేను సముద్రం మధ్యలో ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నా. ఉన్నావా లేదా?"

"ఉన్నాను బావా."

నేను రాసిన అబద్ధాలు ఎంతమంది చదివారో లెక్కలేదు. నోటితో ఒక మనిషికి చెప్పింది ఇదే. వెంటనే నమ్మాడు. "బతికించావురా" అన్నాడు.

బస్సెక్కాను.

అక్కే తలుపు తీసింది. మెడ చుట్టూ తెల్లటి కట్టు. నన్ను చూసి పక్కకి జరిగింది, షాపులో కస్టమర్‌కి దారి ఇచ్చినట్టు. గుమ్మం పక్కన ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచి అలాగే ఉంది. అందులోంచి రెండు దుప్పట్లు కనిపిస్తున్నాయి. ఒకటి నలిగిపోయి ఉంది. రెండోది, రోగి పక్కన పడుకునేవాళ్ళ కోసం తీసుకెళ్ళింది, మడత విప్పలేదు.

"ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. ఇంతకంటే సిగ్గులేని ప్రశ్న నా నోట ఇంకోటి రాలేదు, ఇంతవరకూ.

మాట్లాడకూడదని చేత్తో సైగ చేసింది. ఫోన్ తీసుకుంది. నిదానంగా కొట్టి, తెర నా వైపు తిప్పింది.

"ఆపరేషన్ అని రాస్తే దారిలో గాభరా పడతావని ముందు ఖాళీయా అని అడిగా"

"నేను ఫోన్ చూడలేదక్కా. పనిలో..."

తెర వెనక్కి తిప్పుకుంది. ఈసారి ఒకే మాట. "చూశావు"

తర్వాత వేలితో ఏదో జరిపి చూపించింది. మా యాప్ గుర్తు. దాని కింద వరసగా మా వాక్యాలు. ఒక్కటి కూడా తుడిచెయ్యలేదు. ఏంటి పలకవేం. తిన్నావా. నేనేమైనా అన్నానా. కోపమైతే తిట్టు పలక్కుండా ఉండకు.

మళ్ళీ కొట్టింది. చాలాసేపు కొట్టింది. నేను గోడకి ఉన్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు రాసేవి చూద్దామని నువ్వు చేరిన కొత్తలోనే ఇది వేసుకున్నా. వీడియోలు నచ్చక తెరవడం మానేశా. నువ్వున్నావు కదా అని తీసెయ్యలేదు. నీకేదో రాస్తా నువ్వు పలకవు. కొన్నాళ్ళకి అదే మాట ఇందులోంచి నాకే వస్తుంది. మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత దాన్ని బట్టే తెలుసుకునేదాన్ని. వచ్చిందంటే నువ్వు చదివినట్టు. ఆఫీసుకి వెళ్ళినట్టు. బాగున్నట్టు"

మా అక్క, మా లెక్క ప్రకారం, నిద్రలో ఉన్న మనిషి.

"గురువారం కూడా వచ్చిందా?" అడగకుండా ఉండాల్సింది.

"పొద్దున గౌను వేసుకుంటుంటే వచ్చింది. నర్సు చూసి ఎవరమ్మా పాపం అంత మొహమాటపడుతున్నారు అంది"

"నువ్వేమన్నావ్?"

"మా తమ్ముడు అన్నా"

చివర చుక్క లేదు.

ఏదైనా జోకు వేద్దామని నోరు తెరిచాను. అలవాటు. జోకుకి బదులు టీ పెడతానన్నాను. గిన్నె ఎక్కడుందో, చక్కెర ఎక్కడుందో తెలియలేదు. అక్క లేచి వచ్చి, రెండూ తీసి గట్టు మీద పెట్టి, వెళ్ళి కూర్చుంది. టీ తాగేటప్పుడు ప్రతి గుక్కకీ కళ్ళు మూసుకుంది. బావకి ఏం చెప్పానో చెప్పాను. తల ఊపింది. అబద్ధం ఇద్దరికీ కలిసొచ్చింది.

చీకటి పడకముందే తెర మళ్ళీ నా వైపు తిప్పింది. "బస్సు పోతుంది వెళ్ళు"

ఏప్రిల్ 21, ఆదివారం

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 22, సోమవారం

"సార్, ఆ వాక్యాలు ఆపెయ్యాలి."

"ఏవి?"

"మా అక్కవి."

మొత్తం చెప్పాను. గ్రాఫ్ గారు విన్నాడు. నిజంగా విన్నాడు, పళ్ళెం మూసి పక్కన పెట్టి. "మా అమ్మకీ అదే ఆపరేషన్ తమ్ముడూ. నాలుగు వారాల్లో గొంతు వచ్చేసింది. భయపడకు. సెలవు కావాలంటే తీసుకో" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని చెడ్డవాడని రాసుకుంటే నాకు సుఖంగా ఉండేది.

తర్వాత పళ్ళెం తెరిచాడు.

"నువ్వన్నది నేనూ ఇదివరకే ఆలోచించా. ప్రతిసారీ ఆవిడ మీద ఆధారపడటం బాలేదు. అందుకే మనవాళ్ళు ఆవిడ వాక్యాలన్నీ మిషన్‌కి నేర్పించారు. ఇప్పుడు అదే పుట్టిస్తుంది, ఎన్ని కావాలంటే అన్ని. ఇక ఆవిడ్ని ఇబ్బంది పెట్టనక్కర్లేదు."

తెర మీద దాని పేరు ఉంది: "అక్క ధోరణి".

సాయంత్రం కామా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "పై నుంచి ఒప్పుకోరు. కానీ సరిచూసేది నేను. తప్పులున్నాయని చెప్పి కొన్ని తీయించగలను. ఏవి ఆవిడవో చూపించు చాలు."

ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. "నీ గొంతు విని ఎన్నాళ్ళైందో". ఇది అక్కదేనా? "సర్లే నీ పని చూసుకో". ఇది? "వాన పడేలా ఉంది". ఇది అక్కదే అని గట్టిగా చెప్పాను. కామా వెతికి చూసింది. మిషన్ రాసింది.

కొన్ని గుర్తుపట్టాను. చాలావాటికి తెలియదన్నాను. కామా పక్కన నా మొహం చూడకుండా వాక్యాల్లో చుక్కలు పెట్టుకుంటూ కూర్చుంది, ఎలాగూ తీసేస్తారని తెలిసీ.

ఏప్రిల్ 25, గురువారం

ఈ ఉద్యోగం మానేస్తాను. వచ్చే నెల.

ఏప్రిల్ 30, మంగళవారం

అక్కకి వారంగా రోజూ రాస్తున్నాను. ఎలా ఉన్నావ్. కట్టు విప్పారా. మందులు అయిపోతే చెప్పు. ప్రతిదానికీ బొటనవేలి బొమ్మ. నా వాక్యాలు నేనే చదువుకుంటే ఎక్కడో చూసినట్టున్నాయి. ఎక్కడ చూశానో తెలుసు.

మే 1, బుధవారం

కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. మెత్తగా ఉంది.

మే 4, శనివారం

అక్క మళ్ళీ షాపుకి వెళ్తోందని బావ చెప్పాడు. చెప్పకుండా వెళ్ళాను. ఎవరూ లేరు. అద్దాల బీరువాల వెనక అక్క స్టూలు మీద కూర్చుని ఫ్రేములు తుడుస్తోంది. మెడకి కట్టు లేదు, ఎర్రటి గీత ఉంది.

"కూర్చో" అంది. గొంతు వచ్చింది, కానీ అది మా అక్కది కాదు. గరుకుగా, లోతుగా, ఎవరో పెద్దాయన పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది. నేను మాట్లాడేలోపే నా కళ్ళజోడు తీసి, ముక్కు మీద పరీక్షకి వాడే బరువైన ఇనుప ఫ్రేము పెట్టేసింది. గది చీకటి చేసి, గోడ మీద అక్షరాలు వెలిగించింది.

"కింది వరస చదువు."

చదివాను. సగం తప్పు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?" గాజు బిళ్ళ మార్చింది. "ఇదా, ఇదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"రోజుకి ఎంతసేపు చూస్తావు ఫోన్?"

"రెండు మూడు గంటలు."

"అయిదు ఆరు" అని రాసుకుంది. "అందరూ సగమే చెప్తారు."

చీకట్లో మొహాలు కనపడవు కదా, అందుకే అప్పుడు అన్నాను. "అక్కా, నన్ను ఏమైనా అను. తిట్టు. కొట్టు. ఇలా కళ్ళు చూడకు."

"ఇంకేం చూడను?" అంది. బిళ్ళ తీసి గుడ్డతో తుడిచింది. "ఏం అనమంటావురా? ఏదైనా అందామని నోటిదాకా వస్తుంది. ఇది ఎంతమందికి వెళ్తుందో అనిపిస్తుంది. మింగేస్తా. డాక్టర్ కూడా ఎక్కువ మాట్లాడొద్దన్నాడు, కలిసొచ్చింది."

"ఇక ఒక్క మాట కూడా వాడను. ఒట్టు."

"వాడకపోయినా వస్తూనే ఉన్నాయిగా. నిన్న వాన పడేలా ఉంది అని వచ్చింది. నేనెప్పుడు రాశానా అని ఆలోచించా. బట్టలు తీశా. వాన పడలేదు."

దీపం వేసింది. బల్ల మీద ఆవిడ ఫోన్ ఉంది. అందుకున్నాను. "ఇటివ్వు, ఆ యాప్ తీసేస్తాను. ఇకనైనా ప్రశాంతంగా ఉంటావు."

నా చేతిలోంచి ఫోన్ తీసేసుకుంది. లాక్కోలేదు. పిల్లాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు, మెల్లగా వేళ్ళు విడదీసి.

"ఉండనీ."

"ఎందుకక్కా?"

"ఎవరో ఒకరు రోజూ తిన్నావా అని అడుగుతున్నారు కదరా. మీ బావ సముద్రంలో. నువ్వు అక్కడ. ఇదొక్కటీ వేళకి అడుగుతుంది. అడుగుతున్నది మనిషి కాదని నాకు తెలుసులే. నీ విషయంలో అది కూడా తెలియలేదు."

ఒకావిడ పిల్లని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. పిల్లకి తలనొప్పిట. అక్క వాళ్ళకి స్టూలు చూపించి, నా ముక్కు మీంచి ఫ్రేము తీసింది. కాగితం మీద నంబరు రాసి చేతిలో పెట్టింది.

"పవర్ పెరిగింది. అద్దాలు తొందరగా మార్చుకో. తర్వాతి వాళ్ళని రానీ."

మే 9, గురువారం

బస్సులో ఉండగా టింగుమంది.

"కోపం లేదులే ఇంటికొచ్చి వెళ్ళు"

జేబులోంచి తీసేలోపు రెండుసార్లు జారింది. వారం దాటింది నేను మా యాప్ తెరిచి; కనుక నేనూ నిద్రలో ఉన్నవాణ్ణే, న్యాయంగానే వచ్చింది. పైన మా గుర్తు ఉంది. చూశాను. అక్క ఈ మాట ఎప్పుడూ రాయలేదు, అది కూడా తెలుసు. చుక్క లేదు. "లే" ఉంది. మిషన్ బాగా నేర్చుకుంది.

పక్క సీటాయన కూడా ఫోన్ తీశాడు. ముందు సీటావిడ కూడా. ఎవరికేం వచ్చిందో.

నొక్కాను.

వీడియోలో ఒకాయన మట్టిగొట్టుకుపోయిన తివాచీ కడుగుతున్నాడు. నీళ్ళు పోసినకొద్దీ నలుపు కారుతూనే ఉంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చివరిదాకా చూశాను. అడుగున ఎర్రటి రంగు బయటపడింది.

దాని తర్వాత ఇంకో తివాచీ మొదలైంది.